కొత్త సబ్‌వూఫర్ కొనే ముందు ఒక మైక్ కొనండి

గత ఏడాది నేను కొన్న గ్యాడ్జెట్లలో ఎక్కువ బాధపడింది ఒక 12 అంగుళాల సబ్‌వూఫర్ కొని. సబ్ బాగోలేక కాదు. చాలా మంచి సబ్. కానీ నాకు దాని అవసరమే లేదని తెలిసేసరికి 46 వేలు ఖర్చయిపోయాయి. కింద ఫ్లాట్ అంకుల్‌తో మాటలు ఆగిపోయే దాకా కూడా వచ్చింది.

జరిగింది చెప్తాను. హైదరాబాద్‌లో మాది మూడో అంతస్తు. హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఒక స్టీరియో ఆంప్, 5 అంగుళాల వూఫర్లున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత, 8 అంగుళాల చిన్న సబ్. టీవీ పక్కన మూలలో సబ్, ఎదురు గోడకి ఆనించి సోఫా. మీ ఇంట్లో కూడా ఇంచుమించు ఇదే సెటప్ అయి ఉంటుంది. మన హాళ్లలో ప్లగ్ పాయింట్ అందే మూల సాధారణంగా ఒకటే ఉంటుంది మరి.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వినడం నాకు పిచ్చి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. నా సిస్టమ్‌లో మాత్రం అలా వినిపించేది కాదు. ఒక స్వరం దగ్గర హాలంతా భుమ్మని మోగేది. తర్వాతి రెండు మూడు స్వరాలు ఎటు పోయాయో తెలిసేది కాదు. షాపులో అడిగితే "8 అంగుళాలతో అంతే సార్, 12కి వెళ్లిపోండి" అన్నారు. వెళ్లిపోయాను. ఆ భుమ్ ఇంకా పెద్దదైంది. పోయిన స్వరాలు పోయినట్టే ఉన్నాయి.

రెండో వారంలో కింద ఫ్లాట్ అంకుల్ పైకి వచ్చారు. అరవలేదు, కోప్పడలేదు. "బాబూ, నీ పాట నాకు వినపడట్లేదు. దెబ్బ మాత్రమే వినపడుతోంది. మా స్లాబ్ మీద ఎవరో రోలు పెట్టి దంచుతున్నట్టుంది. పాట వినపడితే నేనూ వినేవాణ్ణి కదా" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎందుకంటే నా కంప్లయింట్ కూడా అదే. నాకూ పాట వినపడట్లేదు, దెబ్బే వినపడుతోంది.

అప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని బట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో స్టీరియోకి సబ్ కలపాలంటే డబ్బు పెట్టాల్సిన వరుస ఇది: ముందు కొలత, తర్వాత ప్లేస్‌మెంట్, ఆ తర్వాత ఈక్యూ. పెద్ద సబ్ అన్నిటికన్నా చివర. మనం సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తున్నాం.

తప్పు హాలుది, సబ్‌ది కాదు

ఒక చిన్న లెక్క చేద్దాం, కాలిక్యులేటర్ తీయండి. ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఆ 343ని మీ హాలు పొడవుకి రెట్టింపుతో భాగించండి. నా హాలు 14 అడుగులు, అంటే 4.27 మీటర్లు. రెట్టింపు 8.54. భాగిస్తే 40 హెర్ట్జ్ వస్తుంది.

ఈ 40 నా హాలుకి ఇష్టమైన ఫ్రీక్వెన్సీ అన్నమాట. ఆ ఫ్రీక్వెన్సీలో శబ్దం ముందు గోడకీ వెనక గోడకీ మధ్య కొట్టుకుంటూ తనని తాను పెంచుకుంటుంది. దీన్నే రూమ్ మోడ్ అంటారు. వెడల్పుకి కూడా ఇలాగే చేస్తే 51 హెర్ట్జ్, ఎత్తుకి 56. పొడవు మోడ్‌కి రెండో మెట్టు 80 దగ్గర ఉంటుంది.

ఇప్పుడు బేస్ గిటార్ సంగతి చూడండి. మామూలు నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగని ఖాళీగా మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. నా హాలు మోడ్ 40. అందుకే ఆ స్వరం దగ్గర భుమ్. వాయించినాయన అన్ని స్వరాలూ ఒకేలా వాయించాడు. మా హాలే ఒక స్వరాన్ని పట్టుకుని అరిచింది.

పైగా మోడ్ గదంతా ఒకేలా ఉండదు. పొడవు మోడ్ గోడల దగ్గర గట్టిగా, సరిగ్గా నడి హాల్లో అసలు లేనట్టు ఉంటుంది. మూలలో సబ్, గోడకి ఆనించిన సోఫా అంటే రెండు చివరలా మోడ్‌కి పూర్తి బలం ఇచ్చినట్టే. నమ్మకం కుదరకపోతే మీ ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, మీ హాలు లెక్కకి వచ్చిన ఫ్రీక్వెన్సీని తక్కువ వాల్యూమ్‌లో సబ్‌కి పంపండి. సోఫా నుంచి లేచి హాలు మధ్యకి నడవండి. శబ్దం మాయమవుతుంది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే మళ్లీ వస్తుంది. మొదటిసారి చేసినప్పుడు నేను సబ్ ఆగిపోయిందేమో అని వెనక్కి వెళ్లి చూశాను.

మన ఇళ్లకి ఇంకో తలనొప్పి ఉంది. ఇంగ్లిష్ రివ్యూలూ యూట్యూబ్ వీడియోలూ చాలావరకు అమెరికా ఇళ్లలో తీసినవి. అక్కడ గోడలంటే చెక్క ఫ్రేమ్ మీద జిప్సమ్ బోర్డు. ఆ గోడ బేస్‌కి కొంచెం ఊగి కొంత శక్తిని తినేస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. మనవి ఇటుక, సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబ్, కింద టైల్స్. బేస్ ఎటూ పోలేక లోపలే మోగుతూ ఉంటుంది. అందుకే అక్కడ "ఈ సబ్ చాలా టైట్‌గా ఉంది" అన్న సబ్ ఇక్కడికొచ్చి డోలులా మోగుతుంది. సబ్‌లో లోపం ఏమీ ఉండదు.

ఫోన్ మైక్ సరిపోదా?

ఇది ఫోన్ల సైట్ కాబట్టి ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. నేను కూడా ముందు ఫోన్‌తోనే మొదలుపెట్టాను.

ఫోన్ మైక్‌ని మనిషి గొంతు కోసం తయారు చేస్తారు. గాలి హోరు రికార్డు కాకుండా కింది ఫ్రీక్వెన్సీలని చాలా ఫోన్లు కావాలనే తగ్గిస్తాయి. శబ్దం పెరిగితే గెయిన్ దానంతట అదే తగ్గుతుంది. మనం కొలవాల్సింది సరిగ్గా ఆ కింది భాగాన్నే. పైగా ఒక్కో మోడల్ మైక్ ఒక్కోలా ఉంటుంది. సోనోస్ 2015లో ట్రూప్లే తెచ్చినప్పుడు ఫోన్ పట్టుకుని గదంతా తిరిగే ఆ ట్యూనింగ్‌ని ఐఫోన్, ఐప్యాడ్‌లకే ఇచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఉన్న వందల రకాల మైకులని ఒక లెక్కలోకి తేవడం అంత కష్టం.

నేను చివరికి కొన్నది మినీడీఎస్‌పీ వాళ్ల యూమిక్-1. యూఎస్‌బీ మైక్, ల్యాప్‌టాప్‌కి నేరుగా గుచ్చుకోవచ్చు. ఒక్కో మైక్‌కీ సీరియల్ నంబర్‌తో కాలిబ్రేషన్ ఫైల్ ఉంటుంది. ఆ మైక్ ఎక్కడ ఎంత తప్పు చూపిస్తుందో ఆ ఫైల్‌లో రాసి ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని సరిచేసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పేరు రూమ్ ఈక్యూ విజార్డ్, ఫ్రీగా దొరుకుతుంది. నాకు ఆ మైక్ ఖరీదు 12 అంగుళాల సబ్ ఖరీదులో మూడో వంతు కూడా పడలేదు. ముందే కొని ఉంటే మిగతా డబ్బు మిగిలేది.

సోఫాలో నా తల ఉండే చోట మైక్ పెట్టి స్వీప్ కొట్టాను. కింది నుంచి పైకి ఈల వేసినట్టు ఒక శబ్దం, కొన్ని సెకన్లలో గ్రాఫ్ వచ్చేసింది. 40 దగ్గర పక్కవాటికంటే 13 డీబీ ఎత్తున ఒక కొండ. 80 దగ్గర చిన్న కొండ. 62 దగ్గర 10 డీబీ గుంట. నెలల తరబడి చెవితో తిట్టుకున్నదంతా ఒక గీతలో కనిపించింది. 10 డీబీ తేడా అంటే చెవికి దాదాపు రెట్టింపు శబ్దం. 13 అంటే ఇంకేం పాట వినపడుతుంది?

ముందు సబ్‌ని కదపండి, అది ఫ్రీ

గ్రాఫ్ చూడగానే ఈక్యూలో చెయ్యి పెట్టాలనిపిస్తుంది. ఆగండి. చోటు మారితే గ్రాఫ్ మొత్తం మారుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, సబ్‌కి అదనపు భారం కూడా ఉండదు.

పాత పద్ధతి ఒకటి ఉంది, ఇంగ్లిష్‌లో సబ్ క్రాల్ అంటారు. సబ్‌ని తీసుకెళ్లి మీరు కూర్చునే సోఫాలో పెట్టండి. బేస్ ఎక్కువున్న పాట వేసి, సబ్ పెట్టడానికి వీలున్న ప్రతి చోటా నేల దగ్గర చెవి పెట్టి వినండి. ఎక్కడ స్వరాలన్నీ సమానంగా వినిపిస్తే సబ్‌ని అక్కడ పెట్టండి. శబ్దం చేసే చోటూ వినే చోటూ తారుమారు చేసినా గది ఒకేలా స్పందిస్తుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. హాల్లో మోకాళ్ల మీద పాకుతుంటే మా అమ్మ "ఏం పోగొట్టుకున్నావురా?" అని అడిగింది. 46 వేలు అని చెప్పలేదు.

నాకు దొరికిన చోటు పక్క గోడ వెంబడి, ముందు మూల నుంచి మూడున్నర అడుగుల దూరం. హాలు పొడవులో సరిగ్గా నాలుగో వంతు. లెక్క కూడా ఇదే చెప్తుంది. అక్కడ పెడితే 40 మోడ్‌కి అందే బలం 3 డీబీ తగ్గుతుంది. 80 మోడ్‌కి ఆ చోటు సున్నా కాబట్టి సబ్ దాన్ని లేపలేదు. మళ్లీ కొలిస్తే 40 దగ్గర కొండ 13 నుంచి 10కి దిగింది, 80 దగ్గరది దాదాపు పోయింది, 62 దగ్గర గుంట సగానికి పూడింది. ఒక్క స్క్రూ తిప్పకుండా, ఒక్క రూపాయి పెట్టకుండా.

సోఫాని కూడా గోడ నుంచి వీలైనంత ముందుకి జరపండి. మా ఇంట్లో ఒక అడుగే ఒప్పుకున్నారు. దానికి తగ్గ లాభమే వచ్చింది.

స్పీకర్లూ సబ్ ఒకే టైమ్‌కి రావాలి

ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. సబ్ వెనక క్రాస్ఓవర్ నాబ్‌ని ఎక్కడో తిప్పి, ఫేజ్ స్విచ్‌ని ముట్టుకోకుండా, "సబ్ విడిగా వినిపిస్తోంది" అని బాధపడతారు.

నా దగ్గర స్ట్రీమర్‌కీ ఆంప్‌కీ మధ్య ఒక డీఎస్‌పీ పెట్టె ఉంది, మినీడీఎస్‌పీ 2ఎక్స్4 హెచ్‌డీ. రెండు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు. రెండు అవుట్‌పుట్లు స్పీకర్ల ఆంప్‌కి, ఒకటి సబ్‌కి. 80 హెర్ట్జ్ దగ్గర గీత గీశాను. దాని కింద సబ్, పైన స్పీకర్లు. రెండు వైపులా లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్, ఆక్టేవ్‌కి 24 డీబీ వాలు. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో రాసిన పేపర్‌లోని డిజైన్ అది, ఇవాళ్టికీ అదే ఎక్కువ వాడతారు. చిన్న స్పీకర్లకి లోతైన బేస్ పని తప్పితే వాటి మిడ్ కూడా తేటపడుతుంది. ఈ లాభం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు గొంతుల్లో వచ్చిన తేడా బేస్‌లో వచ్చిన తేడాకి తక్కువేం కాదు.

క్రాస్ఓవర్‌ని 120కో 150కో పెంచకండి. అంత పైకి వెళ్తే సబ్ ఏ మూల ఉందో చెవి పట్టేస్తుంది, స్టీరియో బొమ్మ ఒక పక్కకి ఒరుగుతుంది.

ఇక టైమ్ సంగతి. ఈ రోజుల్లో చాలా సబ్‌లలో లోపలే డీఎస్‌పీ ఉంటుంది, దానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఒక మిల్లీసెకను అంటే ధ్వని 34 సెంటీమీటర్లు నడిచే టైమ్. నా సబ్ స్పీకర్ల కంటే 6 మిల్లీసెకన్లు వెనకబడి ఉంది. అంటే ఎదురుగా ఉన్న సబ్ రెండు మీటర్లు దూరంగా ఉన్నట్టు లెక్క. స్పీకర్లకి అంత డిలే ఇస్తే రెండూ కలిసి నడిచాయి. వైర్‌లెస్ అడాప్టర్‌తో సబ్ కలిపేవాళ్లకి ఇది ఇంకా పెద్ద సమస్య. ఆ డిలే ఎంతో కొలవకుండా చెప్పలేం.

ఈ ఒక్క పనికి ఫోన్ చాలు. ఎలాగంటే, సబ్ ఫేజ్ స్విచ్‌ని 180కి తిప్పి 80 హెర్ట్జ్ టోన్ వేయండి. సోఫాలో ఫోన్ పెట్టి సౌండ్ మీటర్ యాప్ చూస్తూ డిలే మార్చండి. ఎక్కడ శబ్దం బాగా పడిపోతుందో అక్కడ ఆపి, స్విచ్‌ని మళ్లీ 0కి తెచ్చేయండి. తిరగేసినప్పుడు బాగా కొట్టుకుపోయాయంటే మామూలుగా పెట్టినప్పుడు బాగా కలుస్తాయని అర్థం. ఒకే ఫ్రీక్వెన్సీలో ఎక్కువా తక్కువా చూస్తున్నాం కాబట్టి మైక్ ఎంత తప్పు చూపించినా ఫరవాలేదు.

ఈక్యూ: కొండ తవ్వండి, గుంట పూడ్చకండి

ఇప్పుడు ఈక్యూ. ఫోన్ మ్యూజిక్ యాప్‌లో ఉండే ఐదు గీతల ఈక్యూ దీనికి పనికిరాదు. పారామెట్రిక్ ఈక్యూ కావాలి. అందులో మూడు విషయాలు చెప్పాలి: ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని డీబీ, ఎంత సన్నగా. ఆ సన్నదనాన్నే క్యూ అంటారు.

నేను పెట్టినవి రెండే ఫిల్టర్లు. ఒకటి 40 దగ్గర మైనస్ 9 డీబీ, సన్నగా, క్యూ 8. రెండోది ఎత్తు మోడ్ ఉన్న 56 దగ్గర మైనస్ 4. అంతే. ఒక్క చోటే మైక్ పెట్టి చేయలేదు. సోఫా మీద ఐదు చోట్ల కొలిచి, అన్నిట్లోనూ కనిపించిన కొండలనే తవ్వాను.

దీనితో ఇంకో లాభం ఉంది. గది మోడ్ అంటే శబ్దం ఎక్కువవడం ఒక్కటే కాదు, పాట ఆగినా ఆ స్వరం ఆగదు. మొదట్లో నా హాల్లో 40 హెర్ట్జ్ అర సెకను దాటి మోగుతూ ఉండేది. అందుకే తర్వాతి స్వరాలు దాని కింద నలిగిపోయేవి. ఫిల్టర్ ఫ్రీక్వెన్సీ, సన్నదనం ఆ మోడ్‌కి సరిపోతే ఆ మోత కూడా తొందరగా చస్తుంది. వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. గ్రాఫ్ వదిలేయండి. పాట వేయగానే స్వరం తర్వాత స్వరం నడిచింది. నాకు అది చాలు.

62 దగ్గర మిగిలిన 5 డీబీ గుంటని ముట్టుకోలేదు. ముట్టుకోవాలని చెయ్యి లాగుతుంది, ఒప్పుకుంటాను. చాలామంది "గుంటని ఈక్యూతో పెంచినా గ్రాఫ్ కదలదు" అంటారు. అది పూర్తిగా నిజం కాదు. 6 డీబీ పెంచితే మైక్ ఉన్న చోట 6 డీబీ పెరుగుతుంది. అసలు చిక్కు వేరే. ఆ 6 డీబీకి సబ్ నాలుగు రెట్లు పవర్ తీయాలి. అదే 10 డీబీ అయితే పది రెట్లు. గుంట సన్నగా ఉంటుంది, తల ఒక అడుగు జరిగితే అది వేరే చోటికి పోతుంది. గుంట లేని మిగతా హాలంతా ఆ 6 డీబీ కొత్త కొండవుతుంది. సబ్ శబ్దం, స్పీకర్ శబ్దం కొట్టుకుని వచ్చిన గుంట అయితే సబ్‌ని పెంచడం వల్ల ఇంకా చెడిపోవచ్చు. గుంటలకి మందు ప్లేస్‌మెంట్, డిలే. లేదంటే అలా వదిలేయడం. సన్నటి గుంటని మన చెవి పెద్దగా పట్టించుకోదు, కొండనే పట్టుకుంటుంది.

గీత బల్లపరుపుగా ఉండాలన్న పంతం కూడా వద్దు. పూర్తిగా ఫ్లాట్ చేస్తే పాట పలచగా, ఎండిపోయినట్టు ఉంటుంది. నేను 100 కింద నుంచి మెల్లగా 4 డీబీ పైకి లేపి వదిలాను. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువ వినపడుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. రాత్రి మెల్లగా వినేవాళ్లకి ఆ కాస్త ఎత్తు అవసరమే.

అంకుల్ సంగతి

40 దగ్గర 9 డీబీ తగ్గించడం అంటే ఆ ఫ్రీక్వెన్సీలో సబ్ ఇచ్చే పవర్ ఎనిమిదో వంతుకి పడిపోవడం. నా సోఫాలో పాట మెరుగైంది. కింద ఇంటి స్లాబ్‌కి చేరే దెబ్బ కూడా అంత తగ్గింది. నాకు అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. చాలామంది అనుకునేది, ఇంటివాళ్లకీ పక్కింటివాళ్లకీ ఇబ్బంది లేకుండా ఉండాలంటే మంచి బేస్ వదులుకోవాలని. అపార్ట్‌మెంట్‌లో చెడ్డ బేస్, పక్కింటి గొడవ చాలాసార్లు ఒకే కొండ నుంచి వస్తాయి. ఆ కొండ తీస్తే రెండూ తగ్గుతాయి.

దీనికి ముందు నేను సబ్ కింద ఫోమ్ ప్యాడ్ పెట్టి చూశాను. సబ్ బాక్స్ అదురు నేలకి పోకుండా అది కొంత ఆపుతుంది. కానీ 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. గాలిలో పోయి స్లాబ్‌ని ఊపేదాన్ని రెండు అంగుళాల ఫోమ్ ఏం ఆపుతుంది?

నిజం చెప్పాలంటే గొడవ పూర్తిగా తీరలేదు. గట్టిగా పెడితే కింద ఇప్పటికీ తెలుస్తుంది, కాంక్రీటు కాంక్రీటే. అందుకే డీఎస్‌పీ పెట్టెలో రెండో ప్రీసెట్ చేసి పెట్టుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నర దాటితే 50 కింద కోసేస్తుంది. రిమోట్‌లో ఒక్క బటన్. అంకుల్‌కి ఆ టైమ్ చెప్పాను. ఆయన "అయితే తొమ్మిదిన్నర దాకా నీ ఇష్టం" అన్నారు. వాట్స్ గురించి ఏ స్పెక్ షీట్ చూసినా నాకు ఇంత ఆనందం కలగలేదు.

"స్టీరియోకి సబ్ ఏంటి, ఈక్యూ ఏంటి?" అనేవాళ్లకి

ప్యూరిస్ట్ అన్నలు కొందరు ఉంటారు. సిగ్నల్‌ని ముట్టుకోకూడదు, ఈక్యూ అంటే కల్తీ అంటారు. వాళ్ల మాటలో ఒక న్యాయం ఉంది. 300 హెర్ట్జ్ పైన గది కొలతని బట్టి స్పీకర్ శబ్దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం నాకూ నచ్చదు. మంచి స్పీకర్‌ని చెడగొట్టడానికి అది సులువైన దారి. కానీ కింద, బేస్ భాగంలో, సిగ్నల్ నా చెవికి చేరేలోపే గది దాన్ని 13 డీబీ మార్చేసింది. ఆ కల్తీని తీసేయడం కల్తీ ఎలా అవుతుంది?

ఇంకో వాదన, ఆటోమేటిక్ రూమ్ కరెక్షన్ ఉందిగా అని. ఏవీ రిసీవర్లలో ఆడిస్సీ, డిరాక్ ఉన్నాయి. వీమ్ లాంటి స్ట్రీమర్ల యాప్‌లో ఫోన్ మైక్‌తోనే చేసేది ఉంది. వాడండి, ఏమీ చేయకపోవడం కంటే మేలు. కానీ సబ్‌ని చెడ్డ మూలలో వదిలేసి బటన్ నొక్కితే యాప్ ఆ చెడ్డ మూలకే మందు వేస్తుంది. సబ్‌ని జరపమని అది మీకు చెప్పదు. పైగా అది గుంటలని ఎక్కువ పెంచకుండా లిమిట్ పెట్టుకునే ఆప్షన్ ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

పెద్ద సబ్‌కి బదులు రెండు చిన్న సబ్‌లు మంచివా అంటే, నా ఓటు రెండుకే. హార్మన్‌లో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో ఎన్ని సబ్‌లు చాలు అన్న ప్రశ్న మీదే ఒక పేపర్ రాశారు. ఎదురెదురు గోడల మధ్యలో చెరొకటి పెట్టడం లాంటి అమరికలు ఎక్కువ సీట్లకి బేస్‌ని సమానం చేస్తాయని చూపించారు. ఒక సబ్ లేపిన మోడ్‌ని రెండోది అణచగలదు. నా పాత 8 అంగుళాల సబ్‌ని 12 కోసం సగం ధరకి అమ్మేయకుండా, దానికి జతగా ఇంకో 8 తెచ్చుకుని ఉండాల్సింది. ఇది నా రెండో తప్పు.

మీరు ఏం చేయాలి?

ఖర్చు వరుసలో చెప్తాను.

రూపాయి ఖర్చు లేకుండా: మీ హాలు మోడ్ లెక్క వేయండి, సబ్ క్రాల్ చేయండి, సోఫాని గోడ నుంచి జరపండి, ఫోన్‌తో ఫేజ్ సరిచేయండి. చాలామందికి సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

మైక్ ఖర్చుతో: కాలిబ్రేషన్ ఫైల్ ఉన్న యూఎస్‌బీ మైక్ కొని రూమ్ ఈక్యూ విజార్డ్‌తో కొలవండి. పాటలు విండోస్ కంప్యూటర్ నుంచి వింటుంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండు మూడు ఫిల్టర్లు పెట్టుకోవచ్చు, వేరే పెట్టె అక్కర్లేదు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక మైక్ కొన్నా తప్పు లేదు. రోజూ వాడేది కాదు అది.

ఇంకా డబ్బుంటే: సబ్ అవుట్‌పుట్, పారామెట్రిక్ ఈక్యూ, డిలే మూడూ ఉన్న స్ట్రీమర్ గానీ డీఎస్‌పీ పెట్టె గానీ. ఆ తర్వాత రెండో సబ్. వీటన్నిటి తర్వాత కూడా బేస్ తక్కువైందనిపిస్తే, అప్పుడు పెద్ద సబ్ గురించి ఆలోచించండి.

కొనేటప్పుడు డబ్బా మీద వాట్స్ అంకె చూడటం మానేయండి. మన చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద వేల వాట్స్ పీఎంపీఓ అని రాసేవారు గుర్తుందా? ఆ అలవాటు ఇంకా పోలేదు. నా 12 అంగుళాల సబ్ వాల్యూమ్ ఇప్పుడు పావు దాటదు.

పోయిన ఆదివారం అంకుల్‌ని టీకి పిలిచాను. సోఫాలో మధ్యన కూర్చోబెట్టి "ఏం పాట వేయమంటారు అంకుల్?" అన్నాను. నేను ఇళయరాజా అంటారనుకున్నాను. ఆయన ఘంటసాల అన్నారు. ఆ పాత మోనో రికార్డింగ్‌లో సబ్‌కి దాదాపు పని లేదు. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విని, "ఇప్పుడు వినపడుతోంది బాబూ" అన్నారు.

తర్వాత నా పాట వేశాను. అప్పటికి తొమ్మిదిన్నర కాలేదు.